ఎడంచేతి వాటానికి ఏ ఫోన్ నప్పుతుంది? ఉన్నదాన్నే ఎట్లా దారికి తెచ్చుకోవాలి?

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. మీరు హన్మకొండ నుంచి పరకాల దిక్కు రోజూ బస్సులో బడికి వెళ్లే టీచర్. ఎడంచేతి వాటం. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేలిముద్ర పక్క బటన్ మీద ఉంది, సగంసార్లు తెరుచుకోవడం లేదు. వాట్సాప్‌లో పంపే బటన్ అందుకోబోయి ఫోన్ చేతిలోంచి జారుతోంది. ఫొటోల్లో వేలు పడుతోంది. ఇరవై వేల లోపు ఎడంచేతివాళ్ల కోసం చేసిన ఫోన్ ఏదైనా ఉందా, ఉంటే దీన్ని అమ్మేసి అది కొంటానన్నారు. మీ బాబుదీ ఎడంచేతి వాటమే, వాడి గురించి కూడా అడిగారు.

అమ్మకండి. ఎడంచేతివాళ్ల కోసమని చేసిన ఫోన్ మన దుకాణాల్లో దొరకదు. ఇది పోగొట్టుకుని ఇంకోటి కొన్నా అదే కుడి అంచు, అదే కుడి మూల. మీరు చెప్పిన కష్టాల్లో చాలా వరకు సెట్టింగ్స్‌తో తీరేవే. నేను చౌరస్తా దగ్గర ఫోన్ల అమ్మకం, రిపేరు రెండూ చేస్తాను. నాదీ ఎడంచేతి వాటమే కాబట్టి ఇవన్నీ నా ఫోన్ మీద చేసుకున్నవే.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది ఎడంచేతి వాటం ఉన్న మనబోటి కొద్దిమంది గోల అని కంపెనీలు అనుకుంటాయి, మనమూ అనుకుంటాం. అది నిజం కాదు. ఎడంచేత్తో రాసేవాళ్లు సుమారుగా పదిమందిలో ఒకరే. ఫోన్‌ను ఎడంచేత్తో నడిపేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ వీధుల్లో, బస్టాపుల్లో, రైళ్లలో జనం ఫోన్ ఎట్లా పట్టుకుంటున్నారో 1,333 సార్లు గమనించి 2013లో లెక్క రాశాడు. ఒంటిచేత్తో వాడేవాళ్లు 49 శాతం తేలారు. వాళ్లలో మూడోవంతు మంది ఎడమ బొటనవేలితో నొక్కుతున్నారు. మన దగ్గర లెక్క తీస్తే ఇంకా ఎక్కువే రావచ్చని నా అనుమానం. అన్నం కుడిచేత్తో కలుపుకుంటూ వీడియో చూసే ప్రతి మనిషీ ఆ కాసేపు ఎడంచేతివాడే కదా. కుడిచేత్తో సంచి మోసేవాళ్లు, రాసేవాళ్లు, బస్సులో కడ్డీ పట్టుకునేవాళ్లు కూడా అంతే. సచిన్ బ్యాటింగ్ కుడిచేత్తో, సంతకం ఎడంచేత్తో. ఏ పనికి ఏ చెయ్యి అనేది మనిషి మనిషికీ మారుతుంది. అందుకని మీ ఫోన్‌ను 'ఎడమ బొటనవేలి ఫోన్'గా మార్చుకోవడం ఎట్లా అని ఆలోచిద్దాం.

వేలిముద్ర దగ్గర మొదలుపెడదాం. ఎక్కువ పరేషాన్ చేసేది అదే.

పక్క బటన్‌లో ఉండే సెన్సార్ సన్నటి పట్టీ. కుడిచేత్తో పట్టుకున్నవాళ్ల బొటనవేలి మెత్తటి భాగం దాని మీద పడుకున్నట్టు ఆనుతుంది. మన ఎడంచేతిలో ఫోన్ ఉన్నప్పుడు అరచెయ్యి ఎడమ అంచున ఉంటుంది, వేళ్లు వెనకనుంచి చుట్టుకొచ్చి కుడి అంచు మీద కొసలు మాత్రమే ఆనుతాయి. అంటే సెన్సార్‌కు దొరికేది గోరు కింది చిన్న ముక్క. పైగా ఆ వేళ్లు అక్కడే ఊకె ఆని ఉంటాయి. మీకు తెలియకుండానే సెన్సార్ చదువుతూ, కుదరక తిప్పికొడుతూ ఉంటుంది. అట్లా కొన్నిసార్లు తప్పాక అది మొరాయించి పిన్ అడుగుతుంది. మీరు 'సగంసార్లు తెరుచుకోవడం లేదు' అన్నది ఇదే. ఫోన్‌లో లోపం ఏమీ లేదు.

చేయాల్సింది ఇది. పాత వేలిముద్రలన్నీ తీసేయండి. ఫోన్‌ను బల్ల మీద పెట్టి కాకుండా, నిలబడి, బస్సులో ఎట్లా పట్టుకుంటారో అట్లా ఎడంచేత్తో పట్టుకుని మళ్లీ నమోదు చేయండి. చూపుడువేలు, మధ్యవేలు రెండూ ఎక్కించండి. నమోదు చేసేటప్పుడు కొస, మెత్తటి భాగం, రెండు పక్కలు అన్నీ తగిలేట్టు కాస్త కాస్త జరపండి. మూడోది కుడి బొటనవేలు. ఎందుకంటే మీరు బోర్డు మీద రాసేది ఎడంచేత్తోనే, ఆ వేళ్లకు సుద్దపొడి అంటుకుంటుంది. సుద్ద అంటిన వేలిని ఈ సెన్సార్ చదవలేదు. పీరియడ్ అయిపోగానే ఫోన్ తీస్తే పనిచేయడం లేదంటే చాలావరకు కారణం ఇదే అయి ఉంటుంది. అప్పుడు కుడి బొటనవేలు ఆదుకుంటుంది.

తర్వాత వేలిముద్ర సెట్టింగ్స్‌లోకే వెళ్లి 'తాకితే తెరుచుకోవాలా, నొక్కితే తెరుచుకోవాలా' అన్న ఎంపిక ఉందేమో చూడండి. షావోమీ లాంటి కొన్నిట్లో ఉంటుంది. నొక్కితేనే అని పెట్టుకోండి. ఊరికే ఆనిన వేళ్లను ఇక పట్టించుకోదు, పిన్ గోల తగ్గుతుంది. కవర్ కూడా చూసుకోండి. అంచు మందంగా ఉండి బటన్ లోపలికి దిగిపోయిన కవర్లతో కుడి బొటనవేలు ఎట్లాగో సర్దుకుంటుంది గానీ మన వేలికొసకు ఆ గుంతలో సెన్సార్ అందదు. అంచు పల్చగా ఉన్న మామూలు సిలికాన్ కవర్ వేయించుకోండి. పర్సులాగా తెరిచే ఫ్లిప్ కవర్ మాత్రం వద్దు. దాని మడత ఎడమ వైపు ఉంటుంది, వెనక్కి మడిస్తే ఆ రేకు సరిగ్గా మన వేళ్లకూ ఫోన్‌కూ మధ్య ఆడుతూ ఉంటుంది.

ఇక వాట్సాప్. పంపే బటన్, మైకు, కొత్త చాట్ గుర్తు అన్నీ కుడి అడుగు మూలలోనే. 2014లో గూగుల్ కొత్త డిజైన్ పద్ధతి తెచ్చినప్పటి నుంచి ఆండ్రాయిడ్ యాప్‌లలో ఆ గుండ్రటి బటన్ అక్కడే స్థిరపడిపోయింది. దాన్ని ఎడమకు జరిపే సెట్టింగ్ వాట్సాప్‌లో లేదు. కానీ చుట్టుదారి ఒకటుంది, నాకు తెలిసి మనవాళ్లు ఎవరూ వాడరు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ అనే చోట 'ఎంటర్ ఈజ్ సెండ్' అని ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. ఇప్పుడు కీబోర్డ్ మీది ఎంటర్ కీయే పంపే బటన్. ఆ ఎంటర్ కూడా కుడి మూలలోనే ఉంది కదా అంటారా? కీబోర్డ్‌నే ఎడమకు లాగేద్దాం. మీది జీబోర్డ్ (గూగుల్ వాళ్ల కీబోర్డ్) అయితే కామా కీని నొక్కి పట్టుకోండి, పైన చిన్న గుర్తులు వస్తాయి. అందులో ఒంటిచేతి గుర్తు మీదికి వేలు జరిపి వదలండి. కీబోర్డ్ చిన్నదై ఒక పక్కకు ఒదుగుతుంది. కుడి పక్కకు పోతే పక్కన కనబడే బాణం నొక్కండి, ఎడమకు వచ్చేస్తుంది. ఇప్పుడు ఎంటర్, చెరిపే కీ రెండూ మీ బొటనవేలి దగ్గరికి వచ్చాయి. రాసి, ఎంటర్ కొడితే మెసేజ్ పోయినట్టే. కుడి మూలకు చెయ్యి సాచే పనే లేదు. నష్టం ఒకటే, మెసేజ్‌లో కొత్త వరస కొట్టలేరు. పేరెంట్స్ గ్రూపులో పొడుగ్గా నోటీసు పెట్టాల్సిన రోజు ఆ సెట్టింగ్ ఆపేసుకోండి.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. తెలుగు అక్షరాల కీబోర్డులో వరసకు కీలు ఎక్కువ. దాన్ని మళ్లీ కుదిస్తే కీలు మరీ సన్నబడి 'క' కొట్టబోతే పక్కది పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే పద్ధతి జీబోర్డ్‌లోనే ఉంది. ఒంటిచేత్తో ఉన్నప్పుడు దానికి మారండి, కీలు తక్కువ, కాస్త వెడల్పు. కర్సర్‌ను జరపడానికి స్క్రీన్ మీద పొడిచి తంటాలు పడకుండా స్పేస్ బార్ మీద వేలును అటూ ఇటూ రాస్తే చాలు. మాట్లాడితే రాసే తెలుగు వాయిస్ టైపింగ్ బాగానే ఉంది గానీ పరకాల బస్సులో దాని సంగతి మీకే తెలుసు.

మైకు నొక్కిపట్టి వాయిస్ మెసేజ్ పంపేవాళ్లకు ఒక మాట. నొక్కగానే వేలును పైకి జరిపితే తాళం గుర్తు దగ్గర లాక్ అవుతుంది. ఇక పట్టుకుని ఉండనక్కర్లేదు. ఫోన్ జారేది ఎక్కువగా అక్కడే. బొటనవేలు కుడి మూలకు సాగినప్పుడు అరచేతి పట్టు వదులవుతుంది, కెమెరాల బరువంతా పైన ఉంటుంది కాబట్టి ఫోన్ వెనక్కి వాలుతుంది. నా దగ్గరికి వచ్చే డిస్‌ప్లేల్లో ఇట్లా పగిలినవి బాగానే ఉంటాయి. వెనక రింగ్ హోల్డర్ అంటించుకోండి. సరిగ్గా నడిమధ్యలో వద్దు, కాస్త కిందికి అంటిస్తే బరువు ఆపుతుంది. మరీ అడుగున అంటిస్తే మళ్లీ పైభాగం అందదు.

స్క్రీన్ పై కుడి మూల ఎడమ బొటనవేలికి అన్నిటికంటే దూరం. కొత్త ఫోన్లలో సరిగ్గా అక్కడే ఒక కొర్రీ పెట్టారు. పై ఎడమ వైపు నుంచి లాగితే నోటిఫికేషన్లు, పై కుడి వైపు నుంచి లాగితే వైఫై, టార్చి, డేటా బటన్లు. ఐఫోన్ పద్ధతి చూసి షావోమీ పెట్టింది, 2025లో వచ్చిన వన్ యూఐ 7 అనే తన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో శామ్‌సంగ్ కూడా అదే బాట పట్టింది. శామ్‌సంగ్‌లో ఆ ప్యానెల్ సెట్టింగ్స్‌లో రెండూ కలిపి ఉంచే ఎంపిక ఉంది, అది పెట్టుకోండి. కొన్ని షావోమీ ఫోన్లలో ఆ బటన్ల ప్యానెల్‌ను (కంట్రోల్ సెంటర్) పాత పద్ధతికి మార్చుకోవచ్చు. చాలా ఫోన్లలో హోమ్ స్క్రీన్ మీద ఎక్కడ కిందికి లాగినా నోటిఫికేషన్లు దిగేట్టు పెట్టుకోవచ్చు, దాన్నీ ఆన్ చేయండి.

ఐకాన్ల విషయంలో అందరూ చెప్పేది రోజూ వాడేవి ఎడమ అడుగు మూలలో పెట్టుకోమని. నేను వద్దంటాను. పెట్టి చూడండి, ఆ మూల దగ్గరే ఉన్నట్టుంటుంది గానీ అక్కడ నొక్కాలంటే బొటనవేలిని లోపలికి మడవాలి. వేలు హాయిగా తిరిగేది అడుగు నుంచి కొంచెం పైన, ఎడమ నుంచి రెండు మూడు వరసల్లో. యూపీఐ యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే స్కాన్ షార్ట్‌కట్ వస్తుంది చాలావాటిలో. దాన్ని లాగి ఆ జాగాలో పెట్టుకోండి. కూరగాయల బండి దగ్గర ఒక చేతిలో సంచి ఉన్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

వెనక్కి వెళ్లే సైగ ఆండ్రాయిడ్ 10 నుంచి రెండు అంచుల్లోనూ పనిచేస్తుంది, అది మనకు మేలే. కానీ బొటనవేలు కుడి వైపుకు సాగినప్పుడు దాని మొదట్లో ఉండే కండ ఎడమ అంచును తాకి, మీరు అనకుండానే వెనక్కి పోతుంది. నావిగేషన్ సెట్టింగ్స్‌లో ఎడమ అంచు సున్నితత్వాన్ని విడిగా తగ్గించే వీలుంటే తగ్గించండి. మూడు బటన్ల పద్ధతి ఇష్టమైతే వాటి వరసను తిప్పే ఎంపిక శామ్‌సంగ్, షావోమీల్లో ఎప్పటి నుంచో ఉంది.

కెమెరా గురించి కాస్త నెమ్మదిగా చదవండి, చేతిలో ఫోన్ పట్టుకుని చదివితే ఇంకా మంచిది. ఫోన్‌ను అడ్డంగా పట్టుకోవాలంటే అందరూ పైభాగం ఎడమకు వచ్చేట్టు తిప్పుతారు. అప్పుడు స్క్రీన్ మీది షట్టర్ బటన్ కుడిచేతి బొటనవేలి కిందికి పోతుంది, వెనక లెన్స్‌లేమో పై ఎడమ మూలకు వస్తాయి. మన ఎడమ చూపుడువేలు వెళ్లి ఆనేది సరిగ్గా ఆ మూలలోనే. మీ వార్షికోత్సవం ఫొటోల్లో పడ్డ వేలు అదే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫోన్‌ను ఎదురు దిక్కుకు, అంటే పైభాగం కుడికి వచ్చేట్టు తిప్పండి. షట్టర్ ఎడమ బొటనవేలి కిందికి వస్తుంది, లెన్స్‌లు కుడి అడుగుకు పోతాయి. ఫొటో తలకిందులుగా వస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు, ఫోన్ తనే సరిచేసుకుంటుంది. వీడియోకు మాత్రం ముందు ఫోన్ తిప్పి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత రికార్డు నొక్కండి. రెండోది, మామూలుగానే తిప్పి వాల్యూమ్ బటన్‌తో తీయడం. వాల్యూమ్ కుడి అంచున ఉండే ఫోన్లలో, అడ్డంగా తిప్పగానే ఆ బటన్ పైన ఎడమ చివరకు వస్తుంది, చూపుడువేలు దాని మీద పెడితే లెన్స్ మీదికి పోదు. కుడిచేతివాళ్ల కోసం పెట్టిన బటన్ మనకు కలిసొచ్చిన చోటు ఇదొక్కటే.

ఇవన్నీ ఇట్లా ముక్కలు ముక్కలుగా ఎందుకు చేసుకోవాలి, ఒక్క మీట నొక్కితే అంతా ఎడమకు మారకూడదా అని మీకు అనిపించి ఉంటుంది. నాకూ కడుపుమంట అదే. ఎందుకంటే ఆ పని ఫోన్‌కు ఎప్పుడో వచ్చు. మండిబజార్ నుంచి వచ్చే గిరాకీల్లో ఫోన్ భాష ఉర్దూలో పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్ల ఫోన్ చేతిలోకి తీసుకుంటే అద్దంలో చూసినట్టు ఉంటుంది. గుండ్రటి బటన్ ఎడమ అడుగున, వెనక్కి బాణం కుడి పైన. కుడి నుంచి ఎడమకు రాసే భాషల కోసం ఆండ్రాయిడ్‌లో 2012లో, 4.2 వెర్షన్‌లోనే ఈ ఏర్పాటు వచ్చింది. ఐఫోన్‌లో 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. అక్షరాలు తెలుగులోనే ఉంచి బటన్లు మాత్రం అటు తిప్పడం వాళ్లకు పెద్ద పని కాదు. చేయలేదంటే మనల్ని లెక్కలోకి తీసుకోలేదనే.

యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఫోన్‌లో దాచి ఉంచే డెవలపర్ ఆప్షన్స్‌లో ఈ తిప్పుడును బలవంతంగా ఆన్ చేసే మీట ఉంది, యూట్యూబ్‌లో ఎవరైనా చెప్తే చూసి ఉంటారు. రోజువారీ వాడకానికి నేను పెట్టమనను. తెలుగు వాక్యాలు కూడా కుడి అంచుకు పోయి అతుక్కుంటాయి, కొన్ని యాప్‌లలో ఒకదాని మీద ఒకటి పడతాయి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు కూడా.

కంపెనీలు తలచుకుంటే ఎంత పట్టించుకుంటాయో చెప్పడానికి పాత ముచ్చట ఒకటి. 2010లో వచ్చిన ఐఫోన్ 4కు చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెన్నా. దానిలో ఒక సందు ఎడమ వైపు అడుగున ఉండేది. ఎడంచేత్తో పట్టుకుంటే అరచెయ్యి ఆ సందును మూసేసి సిగ్నల్ పడిపోయేది. గోల పెద్దదై జులైలో స్టీవ్ జాబ్స్ స్వయంగా విలేఖరుల ముందుకొచ్చి అందరికీ ఉచితంగా కవర్ ఇస్తామన్నాడు. ఎడంచేతి వాటం ఉన్నవాళ్లు మాత్రమే అరిస్తే అంత దూరం వచ్చేదా? ఫోన్‌ను ఎడంచేత్తో పట్టుకునే కుడిచేతివాళ్లు కూడా అరిచారు కాబట్టి వచ్చింది.

తర్వాత ఎప్పుడో ఫోన్ మార్చాల్సి వస్తే మాత్రం మూడు చూడండి. వేలిముద్ర స్క్రీన్ లోపల ఉన్నది తీసుకోండి, అది మధ్యలో ఉంటుంది కాబట్టి ఏ చెయ్యి అయినా ఒకటే. మీరు చెప్పిన ధరలో ఇప్పుడు అలాంటివి దొరుకుతున్నాయి. రెండోది వెడల్పు. అందరూ స్క్రీన్ ఎన్ని ఇంచులని అడుగుతారు, మీరు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లని అడగండి. ఈ ధరలో చాలావరకు 75 నుంచి 78 మధ్య ఉంటాయి, అందులో సన్నటిది చూసుకోండి. రెండు మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ బొటనవేలు కుడి అంచుకు తాకడం, తాకకపోవడం అక్కడే తేలుతుంది. మూడోది, అంచులు వంపు తిరిగిన స్క్రీన్ వద్దు.

దుకాణంలో డెమో ఫోన్ పట్టుకుని తృప్తి పడకండి. దాని వెనక దొంగతనం కాకుండా వైరు అతికించి ఉంటారు, పట్టు తెలియదు. విడి ఫోన్ ఇమ్మనండి. సంచి కుడి భుజానికి అట్లాగే ఉంచుకుని, ఎడంచేత్తోనే తెరవడం, నోటిఫికేషన్లు దించడం, ఒక మెసేజ్ కొట్టి పంపడం చేసి చూడండి. సేల్స్ కుర్రాడు కెమెరా గురించి చెప్తూనే ఉంటాడు, చెప్పనీయండి.

బస్సులో వాడతారు కాబట్టి ఇంకొకటి. పవర్ బటన్‌ను వరసగా కొన్నిసార్లు నొక్కితే 112కు ఫోన్ పోయే ఏర్పాటు ఉంటుంది. కుడి అంచును మన నాలుగు వేళ్లూ పిడికిలి బిగించినట్టు పట్టుకుంటాయి కాబట్టి కుదుపుల్లో పొరపాటున అది నొక్కుకోవచ్చు. దాన్ని పూర్తిగా ఆపేయకండి చెల్లెమ్మా, రోజూ ఒంటరిగా తిరిగే మనిషికి అది ఉండాలి. అత్యవసర సెట్టింగ్స్‌లో ఫోన్ పోయేముందు అంకెలు లెక్కపెట్టేట్టు, లేదా నొక్కి పట్టుకుంటేనే పోయేట్టు పెట్టుకోండి.

ఇక బాబు సంగతి. 'చిన్నప్పటి నుంచే ఫోన్, ట్యాబ్ కుడిచేత్తో అలవాటు చేస్తే పోతుంది కదా' అని మీ అత్తగారు అంటున్నారన్నారు. ఆ పని చేయకండి. ప్రసాదం కుడిచేత్తో తీసుకోమనడం వేరు, వాడి రాత చేతిని మార్చడం వేరు. ట్యాబ్ మీద వేలితోనో పెన్నుతోనో అక్షరాలు దిద్దేటప్పుడు ఎడంచెయ్యి రాసిన అక్షరం మీదికే వస్తుంది, వాడికి కనబడదు, అందుకని మణికట్టు కొక్కెంలా వంచుతాడు. ట్యాబ్‌ను వాడి ఎదురుగా నిటారుగా పెట్టకుండా, కాస్త ఎడమ పక్కకు జరిపి, పై అంచు కుడి వైపుకు వాలేట్టు పెట్టండి. కాగితం మీద రాసేటప్పుడు కూడా అంతే. ఆటో రొటేట్ మాత్రం ఆపేయండి, లేకపోతే వాడు ట్యాబ్ ఎత్తి వాల్చిన ప్రతిసారీ స్క్రీన్ తిరిగిపోయి, దిద్దుతున్న అక్షరం చెదురుతుంది.